పాపను ఆక్స్‌ఫర్డ్ పంపమంటారా?

ప్రశ్న: మేడమ్, మాది కర్నూలు. మా ఆయనకు పాతబస్టాండు దగ్గర ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఇద్దరు పిల్లలు. పాపకు పదహారేళ్ళు, ఈ మార్చిలో టెన్త్ పరీక్షలు రాసింది, బాగా చదువుతుంది. బాబు ఎనిమిది పూర్తి చేసినాడు. మొన్న ఫిబ్రవరిలో పాప స్కూలుకు ఒక కన్సల్టెన్సీ వాళ్ళు వచ్చి, జూలైలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో రెండు వారాల సమ్మర్ కోర్సు ఉంది, సర్టిఫికెట్ ఇస్తారు, అది ఉంటే రేపు ఫారిన్‌లో డిగ్రీ సీటు సులువుగా వస్తుంది అని చెప్పిపోయినారు. టికెట్టు, వీసా, లండన్ టూరు అన్నీ కలిపి ఆరున్నర లక్షలు. ఈ నెలాఖరులోపు యాభై వేలు అడ్వాన్సు కట్టాల. వెనక్కి ఇవ్వరంట. పాప స్నేహితురాలు ఒకామె కట్టేసింది. అప్పటినుంచి మా ఇంట్లో ఇదే గొడవ. మా ఆయన నా బంగారం బ్యాంకులో పెడదామంటాడు. ఆడపిల్లను ఒంటిగా అంత దూరం పంపేదేంది అని మా అత్తమ్మ రెండు పూటలు అన్నం తినలేదు. మా ఆడపడుచు వాళ్ళు ఇంగ్లండులోనే రెడింగ్‌లో ఉంటారు, మా ఇంటికే పంపండి వదినా అంటుంది. పాప మాత్రం "అత్త ఇంటికి పోతే వాళ్ళ పిల్లల్ని చూసుకుంటూ కూర్చోవాల, నాకు ఆ కోర్సే కావాల" అని మాతో మాట్లాడటం మానేసింది. జూన్‌లో ఎంపీసీలో చేరుతుంది, కాలేజీ ఫీజు కూడా కట్టేసినాము. ఆ కోర్సుల లిస్టులో అది టిక్కు పెట్టుకుంది మాత్రం ఆర్కియాలజీకి. మమ్మల్ని ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు:

అమ్మా,

పాపను పంపండి. ఆ కన్సల్టెన్సీకి మాత్రం అడ్వాన్సు కట్టొద్దు, బంగారం ఇల్లు దాటనివ్వొద్దు. మీ ఆడపడుచు పిలిచింది కదా, ఆ మాట పట్టుకోండి. ఎందుకో ఒక్కొక్కటే వివరంగా చెప్తాను, పాపకు మీరు చెప్పాల్సిందీ ఇదే కాబట్టి. కారణం చెప్పకుండా వద్దన్నారంటే ఆ పిల్ల డబ్బు లేక వద్దన్నారనో, ఆడపిల్లనని వద్దన్నారనో అనుకుంటుంది. రెండూ దాని మనసులో చాలా కాలం ఉండిపోతాయి.

ముందు సర్టిఫికెట్ సంగతి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ఒకే ఆవరణలో ఉండేది కాదు. ఊరంతా పరుచుకున్న ముప్పైకి పైగా కాలేజీలు కలిస్తే అది యూనివర్సిటీ. జూన్ మూడో వారానికల్లా అక్కడ చివరి టర్మ్ ముగుస్తుంది. పిల్లలు ఇళ్ళకు పోతారు, హాస్టల్ గదులు, భోజనశాలలు, క్లాసురూములు ఖాళీ అవుతాయి. ఆ గదుల్ని ప్రైవేటు కంపెనీలు వేసవికి అద్దెకు తీసుకుని, టీచర్లను పెట్టుకుని, దేశదేశాల పిల్లలకు కోర్సులు నడుపుతాయి. ఇది మోసమని నేననను. చాలా చోట్ల పాఠం బాగానే చెప్తారు, పిల్లలు సంతోషంగానే తిరిగొస్తారు. కానీ ఆ కోర్సు యూనివర్సిటీది కాదు, ఆ సర్టిఫికెట్ మీద ఉండేది కంపెనీ పేరు. ఇలాంటి కోర్సులతో తమకు సంబంధం లేదని ఆక్స్‌ఫర్డే చెప్తుంది. అక్కడ డిగ్రీ సీటు ఇచ్చేది మార్కులు, చాలా సబ్జెక్టులకు వాళ్ళు అడిగే పరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ చూసి. ఆరున్నర లక్షల సర్టిఫికెట్ ఆ మూడింటిలో దేనికీ బదులు కాదు.

ఇంకో విషయం చెప్తాను, ఇది పాపకు తప్పకుండా వినిపించండి. బ్రిటన్‌లో డిగ్రీ దరఖాస్తులన్నీ యూకాస్ అనే ఒకే సంస్థ ద్వారా పోతాయి. 2026 ప్రవేశాల నుంచి అందులో పిల్లలు తమ గురించి రాసుకునే వ్యాసాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. ఈ సబ్జెక్టే ఎందుకు చదవాలనుకుంటున్నావు, ఇప్పటిదాకా చదివిన చదువు దానికి నిన్నెలా సిద్ధం చేసింది, బడి బయట ఏం చేశావు, అది ఎందుకు పనికొస్తుంది. మూడో ప్రశ్నకు "ఫలానా కోర్సుకు పోయాను" అని రాసేవాళ్ళు వేలమంది ఉంటారు. ఫలానా చోట ఫలానాది చూశాను, చూశాక నాకీ సందేహం వచ్చింది, దాన్ని తేల్చుకోవడానికి ఇది చదివాను అని రాసేవాళ్ళు తక్కువ. మీ పాప ఆ రెండో రకం జవాబు రాయగలిగేలా ఈ వేసవిని మలుచుకోవచ్చు. దానికి కావలసిన సరుకు చాలావరకు మీ ఊరి చుట్టుపక్కలే ఉంది.

అసలు మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది చివరి వాక్యం దగ్గర. చేర్చింది ఎంపీసీలో, పాప టిక్కు పెట్టింది ఆర్కియాలజీకి. డబ్బు గొడవలో, అత్తమ్మ అలకలో ఆ మాట ఎవరికీ పట్టినట్టు లేదు. అలాంటి లిస్టుల్లో కంప్యూటర్ కోర్సులుంటాయి, మెడిసిన్ ఉంటుంది, బిజినెస్ ఉంటుంది. అవన్నీ వదిలేసి ఒక పదహారేళ్ళ పిల్ల తవ్వకాల చదువు ఎంచుకుందంటే అది ఊరికే పెట్టిన టిక్కు కాదు. ఎంపీసీ తనకు ఇష్టం లేదని చెప్పడానికి దొరికిన దారి కావచ్చు. ఎంపీసీ చదువుతూనే ఇదీ తెలుసుకోవాలన్న ఉబలాటమూ కావచ్చు. నాకు తెలియదు, మీకూ తెలియదు. అడగాలి. మీ ఆయన షాపు మూసి వచ్చి, భోజనాలయ్యాక, టీవీ ఆపేసి ముగ్గురూ కూర్చోండి. ఆర్కియాలజీలో నీకు నచ్చిందేంది అని అడిగి, అది చెప్పినంతసేపూ అడ్డు రాకుండా వినండి. "దాంతో ఉద్యోగం వస్తుందా" అన్న ప్రశ్న ఆ రాత్రికి దాచిపెట్టుకోండి.

ఆ ప్రశ్నకు నేను ఇక్కడ కొంత జవాబు చెప్తాను. పుణెలో దక్కన్ కాలేజీ ఆర్కియాలజీకి దేశంలోనే పేరున్న చోటు. బరోడాలో మహారాజా సయాజీరావ్ యూనివర్సిటీ ఉంది. కేంద్ర ప్రభుత్వ పురావస్తు శాఖ ఉంది, రాష్ట్ర శాఖలున్నాయి, మ్యూజియాలున్నాయి. సాఫ్ట్‌వేర్ అంత పెద్ద సంత కాదు, అది నిజమే. కానీ ఇందులో పైకొచ్చేవాళ్ళలో సైన్సు తెలిసినవాళ్ళకు గిరాకీ ఎక్కువ. మీ పాపకు ఇది బాగా అర్థమయ్యే చోటు ఒకటుంది, జ్వాలాపురం. బనగానపల్లె దగ్గర, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయిన పల్లె. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ళ కిందట పేలితే, ఆ బూడిద సముద్రం దాటి వచ్చి అక్కడ పడింది. మేటలు వేసిన ఆ బూడిదను ఊళ్ళో వాళ్ళు తవ్వి అమ్ముకునేవాళ్ళు. కర్ణాటక నుంచి, బ్రిటన్ నుంచి పరిశోధకులు వచ్చి కలిసి తవ్వితే బూడిద పొరకు కిందా పైనా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయి. అంత పెద్ద ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికి బట్టకట్టారేమో అన్న చర్చ 2007లో సైన్స్ పత్రికలో అచ్చయిన వ్యాసంతో ప్రపంచమంతా మొదలైంది. ఆ బూడిద టోబాదే అని తేల్చింది కెమిస్ట్రీ. ఆ మట్టి ఎన్ని వేల ఏళ్ళ కిందట చివరిసారి ఎండ చూసిందో లెక్కగట్టింది ఫిజిక్స్. కాబట్టి ఎంపీసీ, ఆర్కియాలజీ ఒకదానికొకటి శత్రువులు కావు. పాప ఎంపీసీ చదివినా ఆ తలుపు మూసుకుపోదు.

ఇంగ్లండు ప్రయాణానికి ముందు ఒక ఆదివారం జ్వాలాపురం పోయి రండి. ఇంకో ఆదివారం ఎర్రగుడి. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఉంటుంది, అశోకుడి శాసనాలున్న గుట్ట. అక్కడి చిన్న శాసనంలో కొంత భాగం రాత ఒక వరుస ఎడమనుంచి కుడికి, మరుసటి వరుస కుడినుంచి ఎడమకు పోతుంది, మడిలో ఎద్దులు సాలు తిరిగినట్టు. అశోకుడి శాసనాల్లో ఇలాంటి రాత అరుదు. ఎండలు ముదిరినాయి కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరి, పదింటికల్లా గుట్ట దిగేయండి. పాప చేతికి ఒక నోటుబుక్కు ఇవ్వండి. రాళ్ళ బొమ్మ గీయనీ, సందేహాలు రాసుకోనీ. ఈ నోటుబుక్కే ఇంగ్లండుకు వెంట పోవాలి.

ఇక రెడింగ్ సంగతి. పాప దాన్ని అత్త ఊరని మాత్రమే అనుకుంటోంది. ఆర్కియాలజీ చదవాలనుకునే పిల్లకు ఇంతకన్నా మంచి మకాం దొరకడం కష్టం. రెడింగ్ యూనివర్సిటీలో ఆర్కియాలజీ డిపార్ట్‌మెంటు బ్రిటన్‌లో మంచి పేరున్నది. ఆ ఊరికి కాస్త దూరంలో సిల్చెస్టర్ అనే రోమన్ల కాలం నాటి పట్టణం ఉంది. దాన్ని ఆ యూనివర్సిటీ వాళ్ళు 1997 నుంచి 2014 దాకా వేసవుల్లో విద్యార్థులతో కలిసి తవ్వారు. పట్టణం పోయింది గానీ చుట్టూ కట్టిన రాతి ప్రాకారం ఇప్పటికీ నిలబడి ఉంది. టికెట్టు లేదు, గోడ వెంబడి రెండు కిలోమీటర్ల పైన నడిచి చుట్టి రావచ్చు. ఒక ఆదివారం అత్తావాళ్ళ కారులో పోవాల్సిన చోటు అది.

రెడింగ్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు రైల్లో అరగంట. లండన్ ప్యాడింగ్‌టన్‌కూ దాదాపు అంతే. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకు అక్కడ సగం ధరకే టికెట్టు ఇచ్చే రైలుకార్డు ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ మ్యూజియం, పిట్ రివర్స్ మ్యూజియం రెండూ ఉచితం. ఇంకా ముఖ్యమైనది, జూన్ ఆఖర్లోనో జూలై మొదట్లోనో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ఓపెన్ డేస్ పెడుతుంది. ఆ రోజుల్లో కాలేజీల తలుపులు తెరిచి ఉంటాయి. డిగ్రీకి రావాలనుకునే పిల్లలు లోపలికి పోవచ్చు, డిపార్ట్‌మెంట్లు చూడొచ్చు, అక్కడి టీచర్లు చెప్పే పాఠం వినొచ్చు, చదువుతున్న విద్యార్థులను నేరుగా అడగొచ్చు. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. ముందుగా వాళ్ళ వెబ్‌సైటులో తేదీలు చూసి పేరు నమోదు చేసుకోవాలి. రెడింగ్ యూనివర్సిటీ కూడా ఇలాంటి రోజులు పెడుతుంది. జూలైలో బ్రిటన్ అంతటా ఫెస్టివల్ ఆఫ్ ఆర్కియాలజీ జరుగుతుంది, ఎక్కడికక్కడ తవ్వకాలు చూపిస్తారు, పిల్లల చేత చేయిస్తారు. అందులో చాలావాటికి టికెట్టు ఉండదు.

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియానికి ఒక పూర్తి రోజు పెట్టమనండి, అక్కడా ప్రవేశం ఉచితమే. 33ఏ గదిలో మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసుకు తరలించినవి, ఆ తర్వాత 1859లో లండన్ చేరినవి. కృష్ణ ఒడ్డున చెక్కిన పాలరాతి లాంటి సున్నపురాయి అక్కడికెలా పోయింది, అక్కడే ఉండాలా, తిరిగి రావాలా, అసలు తవ్వినవాళ్ళు పోగొట్టినదెంత, మిగిల్చినదెంత? ఈ ప్రశ్నలు ఆర్కియాలజీలో నడిమధ్య ఉన్న ప్రశ్నలు. తెలుగు పిల్ల ఆ గదిలో నిలబడినప్పుడు అవి పుస్తకంలో ప్రశ్నల్లా ఉండవు. ఆ రోజు రాత్రి తనకేమనిపించిందో ఆ నోటుబుక్కులో రాసుకోమనండి.

పాప అభ్యంతరం గురించి ఇప్పుడు. అది తప్పేమీ కాదు. మన ఇళ్ళల్లో విదేశానికి చూడ్డానికి పోయిన ఆడపిల్ల చివరికి వంటింట్లోనూ పిల్లల దగ్గరా తేలడం నేను చాలా చూశాను. అలా జరగకుండా తేదీలతోనే దారి పెట్టొచ్చు. మనకు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ దాకా సెలవులు. ఇంగ్లండులో బళ్ళకు వేసవి సెలవులు జూలై మూడో వారం దాటాకే మొదలవుతాయి. కాబట్టి పాప జూన్ నాలుగో వారంలో బయల్దేరి జూలై మూడో వారం చివరికి తిరిగొస్తే, అక్కడున్నన్నాళ్ళూ అత్త పిల్లలు పొద్దున బడికి పోయి మధ్యాహ్నం దాటాక వస్తారు. పగలంతా పాపది. ఓపెన్ డేస్ కూడా ఆ మధ్యలోనే పడతాయి. మీ ఆడపడుచుతో మొహమాటం లేకుండా మాట్లాడండి. వారంలో ఫలానా రోజులు పాప బయటికి పోతుంది, ఫలానా రోజు ఇంట్లో ఉంటుంది, తన కంచం, తన బట్టలు తను కడుక్కుంటుంది, సాయంత్రం పిల్లలకు ఒక గంట లెక్కలు చెప్తుంది అని ముందే అనుకుంటే ఎవరి మనసూ నొచ్చుకోదు. ఒకరింట్లో నెల దగ్గర ఉండే పిల్ల ఊరికే కూర్చోవడమూ మర్యాద కాదు. పాపకు ఆ సంగతీ చెప్పండి.

ఒక్కటి మాత్రం ఆ కోర్సులో ఉండి అత్త ఇంట్లో లేనిది ఉంది. తన వయసు పిల్లలతో, వేరే దేశాల వాళ్ళతో కలిసి రెండు వారాలు తినడం, వాదించుకోవడం, నవ్వుకోవడం. పాపను లాగుతున్నదాంట్లో అది కూడా ఉంటుంది, స్నేహితురాలు పోతోందన్న బాధ సరేసరి. దాన్ని చిన్నబుచ్చొద్దు. ఇదంతా విన్నాక కూడా తనకు కోర్సే కావాలంటే, రెండేళ్ళాగి, ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు, ఈఏపీసెట్ అయ్యాక చూద్దామని మాటివ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. అప్పటికి డబ్బు కూడబెట్టుకోవచ్చు, అత్త ఇంట్లో ఉండి పగలు మాత్రం పోయే చిన్న కోర్సులూ వెతుక్కోవచ్చు. అప్పుడైనా కోర్సు ఎవరు నడుపుతున్నారు, వీసా రాకపోతే డబ్బు తిరిగిస్తారా, రాత్రిళ్ళు పిల్లలున్న భవనంలో పెద్దవాళ్ళెవరు పడుకుంటారు, వాళ్ళ గురించి పోలీసు విచారణ జరిగిందా అన్నవి రాతపూర్వకంగా అడగండి. ఇప్పుడు మీ దగ్గరికి వచ్చినవాళ్ళు డబ్బు వెనక్కి ఇచ్చేది లేదని ముందే చెప్పి, వీసా మాట తేలకముందే యాభై వేలు అడుగుతున్నారు. నేనైతే అక్కడే ఆగిపోతాను.

కాలేజీ ఏమంటుందో అని మీకు భయముంటుంది. జూన్ మొదట్లో క్లాసులు మొదలవుతాయి, పాప నాలుగు వారాలు పోగొట్టుకుంటుంది. ఇంటర్ బోర్డు అడిగేది 75 శాతం హాజరు. ఏడాది మొత్తంలో నాలుగు వారాలు పోతే ఆ గీత దాటి కిందికి రాదు, తర్వాత సెలవులు పెట్టకుంటే చాలు. చేరినప్పుడే ప్రిన్సిపాల్‌కు తేదీలతో ఉత్తరం ఇచ్చి, అనుమతి కాగితం మీద తీసుకోండి. అది వీసాకూ కావాలి. పోయిన పాఠాలు వచ్చాక పూడ్చుకోవాలి, అది కష్టమే, తప్పదు. ఇంటర్ మొదటి ఏడు నాలుగు వారాలు పోతే జీవితం పాడవుతుందని భయపెట్టేవాళ్ళ మాట నమ్మొద్దు.

కాగితాల పని వెంటనే మొదలుపెట్టాలి. పాస్‌పోర్టుకు హైదరాబాదు పరిగెత్తక్కర్లేదు, కర్నూలు పోస్టాఫీసులోనే సేవాకేంద్రం ఉంది. స్లాటు ఆన్‌లైన్లో తీసుకోవాలి. పద్దెనిమిది నిండని పిల్లకు తల్లిదండ్రులిద్దరూ సంతకం పెట్టిన అనెక్జర్ డి అనే ఒప్పుకోలు పత్రం కావాలి. పదిహేను నిండింది కాబట్టి పూర్తి పదేళ్ళ పాస్‌పోర్టు అడగొచ్చు, అదే తీసుకోండి. మనవాళ్ళకు చిక్కొచ్చేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, స్కూలు రికార్డులో పూర్తిగా, జనన ధ్రువపత్రంలో అసలు లేకుండా ఉంటుంది. దరఖాస్తు పెట్టకముందే మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, తేడా ఉంటే ముందు ఆధార్ సరిచేయించండి.

బ్రిటన్ వీసా విజిటర్ వీసా. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. సాధారణంగా మూడు వారాల్లో తేలుతుంది. వేలిముద్రలకు హైదరాబాదు పోవాలి, పాప వెంట మీలో ఒకరు పోండి. దరఖాస్తులో పాప ఒక్కతే ప్రయాణం చేస్తుందని స్పష్టంగా రాయండి. పెద్దవాళ్ళ వెంట వస్తుందని రాస్తే ఆ పెద్దవాళ్ళు లేకుండా పోనివ్వరు. మీరిద్దరూ సంతకం చేసిన అనుమతి ఉత్తరం, మీ ఆడపడుచు రాసిన ఆహ్వానం, వాళ్ళ ఇంటి చిరునామా రుజువు, కాలేజీ ఉత్తరం, షాపు ఐటీ రిటర్నులు, జీఎస్టీ కాగితాలు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టండి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఖాతా నిండుగా కనిపించాలని ఎవరి దగ్గరో తెచ్చి రెండు రోజులకు వేసే డబ్బు వద్దు. స్టేట్‌మెంటులో అది ఇట్టే కనిపిస్తుంది, ఒకసారి నిరాకరిస్తే తర్వాత ప్రతి దరఖాస్తులో చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇన్సూరెన్సు తప్పనిసరిగా తీసుకోండి. అక్కడ సర్కారు ఆసుపత్రి ఉచితమని విని ఉంటారు, విజిటర్‌గా పోయినవాళ్ళకు ఆసుపత్రిలో చేరాల్సొస్తే బిల్లు పడుతుంది. టికెట్టు, వీసా, ఇన్సూరెన్సు, చేతిఖర్చు అన్నీ కలిపినా ఆ ఆరున్నర లక్షల్లో మూడో వంతు కాదు. హైదరాబాదు నుంచి లండన్‌కు నేరుగా పోయే విమానం చూడండి. కొంచెం ఎక్కువైనా సరే, మొదటిసారి ఒంటిగా పోయే పిల్ల మధ్యలో ఇంకో దేశంలో దిగి ఎక్కే తిప్పలు వద్దు. మీ అత్తమ్మ కూతురికి ఏదో ఒకటి పంపకుండా ఊరుకోదు కదా, గోంగూర పచ్చడి, వేరుశనగ పొడి, కారప్పొడి పంపండి. నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి వద్దు. పాలు, మాంసంతో చేసినవి అక్కడికి తీసుకుపోకూడదు, తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకు కూడా అంతే.

అత్తమ్మ భయాన్ని కొట్టిపారేయొద్దు. ఆమె మాటలో ఒక నిజముంది, పాప ఇప్పటిదాకా ఒంటిగా ఎక్కడికీ పోయి ఉండదు. దానికి మందు ఇంట్లో కూర్చోబెట్టడం కాదు, ఈ రెండు నెలల్లో అలవాటు చేయడం. తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కించండి, కాచిగూడలో చుట్టాలెవరైనా ఎదురొస్తారు. తిరిగి ఒక్కతే రానీ. బ్యాంకుకు పోయి డీడీ తీయనీ, ఆటో మాట్లాడుకోనీ, దారి తప్పినప్పుడు ఫోను చూడకుండా ఎవరినైనా అడగనీ. అన్నం, గుడ్డు, పప్పు వండటం రావాలి. బయల్దేరే ముందు అత్త ఫోను నంబరు, ఇంటి చిరునామా నోటికి రావాలి, ఫోను పోయినా ఇల్లు చేరగలగాలి. అక్కడ ఆపదొస్తే 999 అని తెలియాలి. జూలైలో అక్కడ రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. ఇంకా పొద్దుంది కదా అని పిల్లలు వేళ మరిచిపోతారు. ఇల్లు చేరే గంట ఏదో అత్తే చెప్పాలి, మీరు కర్నూలు నుంచి గంటగంటకూ ఫోను చేయొద్దు. రోజుకొకసారి, అదీ మీ అత్తమ్మ చేత మాట్లాడించండి. మనవరాలి గొంతు తనే విన్న రోజున ఆమె సగం కుదుటపడుతుంది.

బాబు గురించి ఒక మాట. వాడు తొమ్మిదిలోకి వస్తున్నాడు కదా. ఇస్రో వాళ్ళు తొమ్మిదో తరగతి పిల్లలకు యువిక అని వేసవిలో శిక్షణ పెడతారు, శ్రీహరికోట లాంటి చోట్ల ఉంచుకుని నేర్పిస్తారు, ఖర్చు వాళ్ళదే. వచ్చే ఏడాది మొదట్లో ప్రకటన చూస్తూ ఉండండి. స్కూల్లో ఇన్‌స్పైర్ మానక్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్సు పోటీకి వాడి ఆలోచన ఏదైనా పంపమని సైన్సు సారును అడగండి. అందులో బాగా రాణించినవాళ్ళలో కొందరు జపాన్‌లో సకురా అనే సైన్సు కార్యక్రమానికి పోయి వచ్చారు.

రేపే పాస్‌పోర్టు స్లాటు తీసుకోండి, దరఖాస్తు పాప చేతే నింపించండి. మీ ఆడపడుచుకు ఫోను కూడా పాపే చేయాలి, మీరు పక్కన కూర్చుంటే చాలు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ రోజు ఆక్స్‌ఫర్డ్, ఏ రోజు లండన్, సిల్చెస్టర్‌కు ఎవరు తీసుకుపోతారు అన్నవి అత్తా మేనకోడలూ మాట్లాడుకుని ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం చూశాక పాప సరే అంటే, కన్సల్టెన్సీ వాళ్ళకు మేము రావట్లేదని నెలాఖరులోపే చెప్పేయండి.